గవ్వ భయం

అమ్ములు బొమ్మల బుట్ట నేల మీద బోర్లించగానే గవ్వ వాషింగ్ మెషీన్ వెనక సందులోకి దూరింది. దాని ఒళ్లు పట్టేంత జాగా కాదు అది. గోడకి వీపు ఒరుసుకుపోయి వెంట్రుకలు ఊడుతున్నా వెనక్కి జరుగుతూనే ఉంది. కాళ్ల కింద నేల తడిసింది.

“చూశావుటే? రోజూ ఇదే తంతు,” అంది మా అక్క హైమ, తడిగుడ్డ తెచ్చి తుడుస్తూ. “పిల్ల బొమ్మలు తీస్తే చాలు, ఒణికి చస్తాది. ఒక్కోరోజు దాక్కోకుండా నా మీదకొచ్చి మొరుగుతాది. కొంగు పట్టుకుని లాగుతాది. పొయ్యి మీద కూర మాడిపోతున్నా వదలదు.”

“ఎప్పట్నుంచి?”

“ఏడాదై ఉంటాది. అంతకుముందు బంతి విసిరితే తెచ్చేది కదా, నువ్వూ చూశావు.”

ఆరేళ్ల అమ్ములు సందు ముందు బోర్లా పడుకుని, చేతిలోని గుడ్డబొమ్మని ముందుకి చాపి బతిమాలుతోంది. “గవ్వా, ఇది కరవదే. చూడు, దీనికి పళ్లే లేవు.” లోపల్నుంచి సన్నటి మూలుగు వచ్చింది.

గవ్వ వీధికుక్క. మూడేళ్ల కిందట మా బావ సత్యప్రసాద్ పోర్టులో క్రేన్ డ్యూటీ దిగి వస్తూ, ఒడ్డున బోర్లించిన పడవ కింద వణుకుతున్న కూనని చొక్కాలో పెట్టుకుని కంచరపాలెంలోని ఇంటికి తెచ్చాడు. ఇసుకలో దొరికింది కాబట్టి గవ్వ అని పేరు పెట్టింది అమ్ములే.

“ఇందూ, నీ దగ్గర ఆ టోపీ ఉంది కదా,” అన్నాడు బావ, టిఫిన్ తింటూ. “మీ షెడ్డులో కుక్కలన్నిటికీ పెడతన్నావు. మన గవ్వకి పెట్టరాదూ?”

ఆ మాట కోసమే నేను ఎదురుచూస్తున్నానని బావకి తెలియదు.

విశాఖపట్నం శివారులో ఒక పశువైద్య పరిశోధనశాలలో నేను పదకొండేళ్లుగా జంతువుల భయాల మీద పనిచేస్తున్నాను. మేము తయారుచేసిన టోపీ అప్పటికి ఏడు కుక్కల భయాలు తీసింది. ఒకదానికి టపాకాయలంటే భయం, ఒకదానికి గొడుగంటే భయం. అన్నీ మా షెడ్డులో పెరిగినవే. రెండు నెలల్లో పెద్ద సదస్సు ఉంది. ఇంట్లో మనుషుల మధ్య పెరిగిన కుక్క ఒక్కటైనా లేకుండా వెళితే ఎవరూ నమ్మరు. ఆ రోజుల్లో నాకు కావలసింది ఒక ఇంటి కుక్క. మా అక్క కుక్క అయితే మరీ సులువు.

*

సోమవారం గవ్వని తీసుకెళ్లాను. ముందు దాని భయాన్ని కొలవాలి. ఇంటినుంచి తెచ్చిన బొమ్మలు ఆరు, దుకాణంలో కొన్న కొత్తవి ఆరు. గదికి అటుపక్క తెర వెనక ఇమ్మానుయేలు గారు నిలబడి, ఒక్కో బొమ్మని పళ్లెంలో పెట్టి తెర కిందనుంచి లోపలికి తోస్తారు. ఇటుపక్క గవ్వ, దాని తలకి టోపీ. టోపీ లోపల రూపాయి బిళ్లలంత పలుచటి రేకులు. వాటికి అందిన భయం నా ఎదురుగా కంప్యూటర్ మీద ఎర్రగీతగా కదులుతుంది.

ఇమ్మానుయేలు గారికి యాభై ఎనిమిదేళ్లు. మా షెడ్డు బాధ్యత ఆయనదే. పెద్ద చదువు లేదు కానీ కుక్క చెవి కదిపే తీరు చూసి దాని కడుపునొప్పి చెప్పగలరు. అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటారు.

పన్నెండు బొమ్మలూ అయ్యాక ఆయన పుస్తకం చూపించారు. “మేడమ్ గారూ, కొత్తవాటికి ఇది బెదరలేదండి. ఒక్కదానికి కూడా.”

“అవి బొమ్మలని దానికింకా తెలియదు కదండీ.”

“ఇంటివాటిలో కూడా నాలుగింటికే బెదిరింది. గుడ్డబొమ్మ, రబ్బరు ఏనుగు, లక్కపిడతలు, ఆ పీపీ. కారుకీ బంతికీ ఏం కాలేదు. బంతి అయితే బొమ్మని తెలుసు కదమ్మా దీనికి?”

పన్నెండింటినీ కలిపి సగటు తీశాను. సగటున గవ్వ భయం చాలా ఎక్కువే. నాకు అది చాలు.

మరునాటినుంచి అసలు పని మొదలైంది. గుడ్డబొమ్మ లోపలికి రాగానే గవ్వ బల్లకి అతుక్కుపోయి వణికింది. ఎర్రగీత పైకి లేచింది. జ్ఞాపకం మేలుకున్న ఆ కొద్ది నిమిషాలూ భయం తడిమట్టిలా మెత్తగా ఉంటుంది. మళ్లీ గట్టిపడేలోపు టోపీ సన్నగా జుమ్మంటూ దాన్ని చెరిపేస్తుంది. చెరిపే ముందు యంత్రం దాని నకలు రాసి దాచుకుంటుంది. తొమ్మిది నిమిషాలు. గవ్వ వణుకు తగ్గింది. ఆవలించింది. నేను దాని మెడ కింద గోకితే నా చేయి నాకింది.

ఏడో రోజు అది గుడ్డబొమ్మని తనే నోట కరుచుకుని గదంతా తిప్పింది. మా కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇమ్మానుయేలు గారు కూడా నవ్వారు గానీ పుస్తకం మూయలేదు.

*

ఆ ఆదివారం అక్క ఇంట్లో పండగలా ఉంది. బావ మాడుగుల హల్వా తెచ్చాడు. అమ్ములు లక్కపిడతల్లో ఉత్తుత్తి అన్నం వండి గవ్వకి వడ్డిస్తే, అది బుద్ధిగా కూర్చుని ఖాళీ గిన్నె నాకింది.

“నా చెల్లెలు డాక్టరంటే ఏటో అనుకున్నాను,” అంది అక్క, నా నోట్లో హల్వా పెడుతూ. “ఇప్పుడు నా కొంగు నాకు మిగిలింది. ఒకటే నిద్ర, ఒకటే ఆట దానికి. నోరెత్తి మొరిగితే ఒట్టు.”

ఆ దృశ్యాలన్నీ వీడియో తీసుకున్నాను. సదస్సులో చివర చూపించడానికి అవే బాగుంటాయనుకున్నాను.

పంతొమ్మిది రోజులు అలాగే గడిచాయి. ఇరవయ్యో రోజు శనివారం, సాయంత్రం నాలుగింటికి బావ ఫోన్ చేశాడు. మాట సరిగ్గా రావడం లేదు. “ఇందూ... పిల్ల మెట్ల మీంచి పడిపోయింది. తల... నువ్వు రా.”

నేను ఆసుపత్రికి చేరేసరికి అమ్ములుని లోపలికి తీసుకెళ్లిపోయారు. అక్క బెంచీ మీద కూర్చుని తన అరచేతులు తనే చూసుకుంటోంది. అమ్ములు డాబా మెట్ల మీద లక్కపిడతలు పరుచుకుని ఆడుకుంటోందట. అక్క కింద గదిలో బట్టలు మడత పెడుతోంది. దబ్బుమని చప్పుడు వినిపించి పరిగెత్తింది. కింద మెట్టు దగ్గర పిల్ల కొట్టుకుంటోంది. కళ్లు పైకి పోయాయి, నోట్లో నురగ.

“గవ్వ పై మెట్టు మీదే ఉందే,” అంది అక్క. “నోట్లో పీపీ పెట్టుకుని, తోక ఊపుతూ.”

ఆపరేషన్ అయ్యాక పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. తలలో ఎడమ పక్క రక్తం గడ్డకట్టిందని, తీసేశామని చెప్పింది. ప్రాణానికి భయం లేదు. మాట, కుడిచేయి ఎంతవరకు వస్తాయో ఇప్పుడే చెప్పలేమంది. తర్వాత కాగితం ముందుకి లాక్కుని అడిగింది.

“పడటం వల్ల ఫిట్స్ రాలేదమ్మా. ఫిట్స్ వచ్చి పడింది. ఇది మొదటిసారి కాదనిపిస్తోంది. ఇంతకుముందు ఎప్పుడైనా ఆడుకుంటూ ఆడుకుంటూ సొమ్మసిల్లడం, పక్క తడపడం, నాలుక కొరుక్కోవడం లాంటివి చూశారా?”

అక్క లేదనబోయి ఆగింది. “బొమ్మల మధ్యే నిద్దరోయేది. ఆడి ఆడి అలిసిపోయిందనుకునేదాన్ని. ఒకోసారి గౌను తడిసిపోయి ఉండేది. నోట్లో పుండైందంటే... వేడి చేసిందని మజ్జిగ ఇచ్చేదాన్ని.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏడాది,” అంది అక్క.

గవ్వ బొమ్మలకి బెదరడం మొదలైందీ ఏడాది కిందటే.

*

మరునాడు పొద్దున్నే నేను ల్యాబుకి వెళ్లి మొదటి రోజు రికార్డు తీశాను. అప్పుడు నేను గవ్వ కళ్లనీ ఎర్రగీతనీ మాత్రమే చూశాను. ఈసారి దాని ముక్కు చూశాను. ముక్కు ముందు కదిలింది. తల ఎత్తి గాలి పీల్చింది. ఎర్రగీత నిలువునా లేచింది. అప్పటికి గుడ్డబొమ్మ ఇంకా తెర వెనకే, ఇమ్మానుయేలు గారి చేతిలోనే ఉంది.

రబ్బరు ఏనుగుకీ అంతే. పీపీకీ అంతే. గవ్వ ఏ బొమ్మనీ చూసి భయపడలేదు.

ఆయన్ని పిలిచి చూపించాను. చాలాసేపు చూశారు. “పిల్లకి ఆ జబ్బు వచ్చే ముందు ఒంటినుంచి ఒక వాసన వస్తాదేమోనమ్మా. అప్పుడు చేతిలో ఉన్న బొమ్మలకి ఆ చెమటా ఉమ్మీ అంటుకుని ఉంటాయి. కారూ బంతీ ఆ టైములో పట్టుకుని ఉండదు.” మీరు నా మాట వినలేదని ఆయన అనలేదు. అని ఉంటే బాగుండేది.

మందులు ఇస్తున్నా అమ్ములుకి ఆసుపత్రిలో మళ్లీ రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. నర్సుని అడిగి, ఫిట్స్ వచ్చినప్పుడు మెడ తుడిచిన దూది ఒక సీసాలో, మామూలప్పుడు తుడిచింది ఇంకో సీసాలో పెట్టించాను. రెండూ గవ్వ ముందు పెట్టాను. మొదటిది వాసన చూసింది, రెండోది చూసింది. తోక ఊపి, ఆడుకుందామా అన్నట్టు ముందుకాళ్లు చాపి వంగింది.

దానికి తెలిసినదేదో నేను తీసేశాను. భయం అని పేరు పెట్టి తీసేశాను.

అక్కకి చెప్పకుండా ఉండొచ్చు. ఎవరూ అడగరు కూడా. రెండు రోజులు అలాగే తిరిగాను. మూడో రోజు ఆసుపత్రి వరండాలో, అక్క పిల్ల బట్టలు ఆరేస్తుంటే చెప్పేశాను. సగటు తీసిన సంగతితో సహా.

అక్క చేతిలోని బట్టల క్లిప్పు తీగకి పెట్టేసింది.

“అంటే అది నన్ను పిలిచేదన్నమాట,” అంది. “పిల్ల దగ్గరికి రమ్మని కొంగు పట్టుకుని లాగేది. ఏడాదిపాటు పిలిచింది. నేను చీపురు తిరగేశాను.”

“నీకెలా తెలుస్తుందక్కా...”

“నాకు తెలీదు. నేను చదువుకోలేదు. నువ్వు చదువుకున్నావు కదే ఇందూ?”

అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

*

అమ్ములు ఇంటికి వచ్చింది. కుడిచేయి కొద్దిగా లేస్తోంది. మాట మాత్రం ‘అమ్మ’ దగ్గర ఆగిపోయింది. నీళ్లు కావాలన్నా అమ్మే, కోపం వచ్చినా అమ్మే. ఫిట్స్ వారానికి ఒకటి రెండుసార్లు వస్తూనే ఉన్నాయి. ఇంకొకసారి తలకి దెబ్బ తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బావ సెలవు పెట్టాడు. ఒకరు కాకపోతే ఒకరు పిల్ల పక్కనే ఉండాలి. అక్క స్నానం చేస్తున్నా తలుపు తీసే ఉంచేది. గవ్వ పిల్ల మంచం కింద బంతి పట్టుకుని హాయిగా పడుకునేది.

ఒకరోజు అక్క తనే మా ల్యాబుకి వచ్చింది. ఎప్పుడూ రాలేదు అంతకుముందు.

“ఆ తీసిన భయం నీ యంత్రంలో ఉందన్నావు.”

“నకలు ఉంది.”

“మళ్లీ పెట్టు.”

“అక్కా, అది అలా కాదు. ఒకసారి ఒక కుక్కకి పెట్టి చూశాం. ముందు ఎంత ఉందో అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఏడాదిలో పేరుకున్న భయం అరగంటలో. ఆ కుక్క పదకొండు రోజులు అన్నం ముట్టలేదు.”

ఇమ్మానుయేలు గారు కల్పించుకున్నారు. “ఆ వాసన తగిలినప్పుడల్లా బిస్కెట్టు ఇచ్చి నేర్పొచ్చమ్మా. భయం లేకుండానే చెప్పడం నేర్చుకుంటాది. ఆరేడు నెలలు పడతాది.”

“ఆరేడు నెలలు!” అంది అక్క. “నిన్న ఒకసారి వచ్చింది, బాబూ. నేను అన్నం కలుపుతున్నాను. రెండడుగుల దూరం. ఆ రెండడుగులు దాటేలోపు మంచం కోడుకి కొట్టుకుంది. అంగుళం పక్కకి తగిలి ఉంటే? ఆరు నెలలు నన్ను చూస్తూ కూర్చోమంటారా?” నా వైపు తిరిగింది. “గవ్వ మీద నాకు మాత్రం ప్రేమ లేదా? చేత్తో అన్నం పెట్టి పెంచాను. నాకు తెలిసే అడుగుతున్నాను. పాపం నాది. నువ్వు మీట నొక్కు.”

జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీని అడిగితే ఒప్పుకోరు. అడగలేదు.

మరునాడు గవ్వ నా స్కూటర్ ముందు నిలబడి, గాలికి చెవులెగరేస్తూ వచ్చింది. ల్యాబు తలుపు తీయగానే పరుగెత్తుకెళ్లి తనే బల్ల ఎక్కి కూర్చుంది. ఆ గదిలో దానికి అన్నీ మంచే జరిగాయి. టోపీ తొడుగుతుంటే తల వంచి ఇచ్చింది. ఇమ్మానుయేలు గారు రానంటూనే వచ్చి దాని నడుం పట్టుకున్నారు. అక్క అద్దం అవతల నిలబడింది.

ఫిట్స్ నాటి దూది ఉన్న సీసా మూత తీసి, మీట నొక్కాను.

మొదట ఏమీ కాలేదు. తర్వాత గవ్వ నా ముఖంలోకి చూసింది. నేనేదో పొరపాటు చేస్తున్నానని, చెబితే ఆపేస్తానని అనుకున్నట్టుగా చూసింది. ఆ తర్వాత వచ్చిన అరుపు కుక్క అరుపులా లేదు. ఎర్రగీత పైకి పోయి కిందికి రాలేదు. ఇమ్మానుయేలు గారి ముంజేతి మీద పళ్లు దిగాయి. ఆయన వదల్లేదు. ఇరవై ఆరు నిమిషాలు. మధ్యలో రెండుసార్లు అద్దం వైపు చూశాను. అక్క కళ్లు మూసుకోలేదు, ఆపమని చేయీ ఎత్తలేదు. ఎత్తితే ఆపేద్దామని చూశాను. ఆ బరువు కూడా ఆమె మీదే వేద్దామని చూశాను.

గవ్వ ఆరు రోజులు తినలేదు. నన్ను చూస్తే వాషింగ్ మెషీన్ వెనక్కి పోయేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. గవ్వ వణుకుతూ వంటింట్లోకి వచ్చి కొంగు పట్టుకుని లాగిందట. అక్క పొయ్యి కట్టేసి పరిగెత్తి, పిల్లని చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద దిండు పెట్టి కూర్చుంది. ఎనిమిది నిమిషాల తర్వాత ఫిట్స్ వచ్చింది. వచ్చి పోయింది. ఒంటి మీద గీత కూడా పడలేదు.

“ఎనిమిది నిమిషాల ముందు చెప్పిందే,” అంది అక్క, ఏడుస్తూ. “ఎనిమిది నిమిషాలు!” నేను సంతోషించాను. లేదని అబద్ధం చెప్పలేను.

*

జరిగినదంతా రాసి కమిటీకి నేనే ఇచ్చాను. టోపీ పని ఆపేశారు. సదస్సుకి వెళ్లలేదు. ఏడు కుక్కల పాత రికార్డులు తీసి, వాటి దగ్గర నేను ఇంకేం తీసేశానోనని వెతుకుతున్నాను. గొడుగుకి భయపడే కుక్క ఎందుకు భయపడిందో నేనెప్పుడూ అడగలేదు.

ఆదివారాలు ఇమ్మానుయేలు గారూ నేనూ అక్క ఇంటికి వెళతాం. ఆయన చేతి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. దూది సీసా గదికి ఆ చివర పెట్టి మూత కొద్దిగా తీస్తాం. గవ్వ వణుకుతుంది. వణుకుతూనే వచ్చి అక్క కొంగు ముట్టుకుంటే ఉడికించిన గుడ్డుముక్క. తర్వాత గుడ్డబొమ్మ, పది అడుగుల దూరంలో. దాన్ని చూసి పారిపోకుండా కూర్చుంటే ఇంకో ముక్క. వారానికి ఒక అడుగు దగ్గరికి జరుపుతాం. ఒక్కోవారం రెండడుగులు వెనక్కి పోతాం. తెలిసినది పోకుండా భయం ఒక్కటే పోవాలి. దానికి యంత్రం లేదు. నాలుగో నెలకి గవ్వ బొమ్మ నుంచి మూడడుగుల దూరంలో కూర్చోగలిగింది, చెవులు వెనక్కి వాల్చి, నోరు మూసుకుని. ఇప్పటికీ నా చేతినుంచి గుడ్డు తీసుకోదు. నేల మీద పెట్టి దూరం జరగాలి.

అమ్ములుకి మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. పోయిన ఆదివారం నా పక్కన చాప మీద కూర్చుని, ఎడమ చేత్తో నా వేలు పట్టుకుని గవ్వ వైపే చూస్తోంది. అది గుడ్డబొమ్మ ఎదుట కూర్చుని సన్నగా వణుకుతోంది. అమ్ములు పెదాలు చాలాసేపు కదిలాయి. నేను తొందర పెట్టలేదు.

“పిన్నీ,” అంది. “గవ్వకి... భయం... ఎవరు... పెట్టారు?”

వంటింటి గుమ్మంలో అక్క కదలకుండా నిలబడింది. నోరు తెరవబోయింది.

“నేనే అమ్ములూ,” అన్నాను.

అమ్ములు నా ముఖంలోకి చూసింది. మాట కోసం వెతుక్కుంది, దొరకలేదు. నా వేలు వదిలేసి, సరిగా లేవని కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, చాప మీద మెల్లగా జరుగుతూ వెళ్లి గవ్వ వీపు మీద పెట్టింది.